ఏలియా పాటలో మారిన మాట

నాచారం పారిశ్రామికవాడలో మాత్రల డబ్బాలకు మూతలు బిగించే మిషన్ మీద ఏలియాకు సగం జీవితం గడిచిపోయింది. మిగతా సగాన్ని పాటలు తినేశాయి. మిషన్ చప్పుడుకే తాళం వేసుకుని, పెదాల మీదే చరణాలు అల్లుకునేవాడు. బోడుప్పల్‌లో వాళ్లు వెళ్లే చర్చిలో పెళ్లయినా, చావైనా ఏలియా కొత్త పాట కట్టి పాడాల్సిందే. పేరు మాత్రం ఎక్కడా వేయనిచ్చేవాడు కాదు. "దేవుని పాటకు నా పేరెందుకు?" అని పెద్ద గొప్పగా అనేవాడు. ఆ గొప్పే చివరికి కొంప ముంచింది.

కూతురు కెజియాకు ఏడేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. దవాఖానా వరండాలో మోకాళ్లు కాయలు కాసేలా ప్రార్థన చేశాడు. పిల్ల దక్కలేదు. సమాధి మీద మట్టి వేశాక, ఎవరూ అడక్కుండానే గొంతు విప్పాడు: "ఇయ్యకపోయినా నీ గడప విడువను." అది పాటో, దేవుడితో తగువో ఆయనకే తెలియదు. భార్య గ్రేస్ మాత్రం ఆ ఒక్క పాటను పట్టుకునే బతికింది.

పాట నోటినోటికీ పాకింది. ఎవరో కుర్రాళ్లు దానికి డ్రమ్ములు తగిలించి యూట్యూబ్‌లో పెట్టారు. ఏడుపు పాట ఎవరు వింటారు? "ఇచ్చినవాడా, నీ గడప విడువను" అని మార్చేశారు. ఒక్క మాటే. దాంతో పిల్ల చావు పాటలోంచి ఎగిరిపోయింది, ఊరూరా ఆ పాటే మోగింది. ఏలియా గోల పెడితే పాస్టర్ ఎబినేజర్ సముదాయించాడు.

"దేవుని పాట అన్నది నువ్వే గదా అన్నా. జర పోనియ్యి."

చర్చి వార్షికోత్సవానికి ఏలియానే ఆ పాట ఎత్తుకోమన్నారు. ఈసారి అసలు మాటే పాడతానని గ్రేస్‌కు మాటిచ్చాడు. ఆమె చాన్నాళ్లకు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

పాటకు ముందు దోర్కా అనే పడుచుతల్లి చంటివాణ్ని ఎత్తుకుని, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"వీడు ఐసీయూల ఉన్నప్పుడు గీ పాటనే పాడుకున్న. ఇచ్చినవాడా అన్న, ఇచ్చిండు. ఏలియన్న నోట ఇననీకే వచ్చిన," అంది.

ఇప్పుడేం చేస్తాడు మనిషి? ఆ తల్లి మొహం మీద 'ఇయ్యకపోయినా' అని ఎలా అంటాడు? మైకు పట్టుకున్నాడు. దోర్కా చంకలోని చంటివాణ్ని చూసి మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. పాపం, మాట మరిచిపోయాడనుకుని జనమంతా అందించారు: "ఇచ్చినవాడా..." ఆయన గొంతూ వాళ్లతో కలిసింది. చప్పట్లు మోగాయి, దోర్కా కళ్లు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద గ్రేస్ వెనక కూర్చుంది. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది.

"మన పిల్ల బతికినట్టే పాడినవయ్యా."