అవ్వ రోలు మీద కూర్చున్న రాజు

పొద్దున మా ఊరి గ్రూపులో ఒక ఫొటో పెట్టారు. బడి ముందున్న రాతి సింహాసనానికి పసుపు పూసి దండ వేశారు. అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

సిరా బిళ్ల నీళ్లలో కలుపుకుని రాసిన నా తోటివాళ్లూ, గుర్తుందా? మన ఆదిలాబాద్ సరిహద్దు ఊళ్లు ఏ రాష్ట్రానికి పోతాయో తేలని రోజులవి. మరాఠీ వైపు పోతే మా తెలుగు బడి మూతపడుతుందని పంతులు దిగులుపడ్డారు. మాది తెలుగు ఊరేనని వచ్చే అధికారికి చూపించడానికి ఊరి చరిత్ర రాయమని నాకు చెప్పారు. ‘సింహాసనం’ అనే మాట నేను అప్పుడే నేర్చుకున్నాను. ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టేలా లేదు. బాసర పోతూ ఒక తెలుగు రాజు మా ఊళ్లో రాతి సింహాసనం మీద కూర్చున్నాడని రాసేశాను.

"ఏది బిడ్డా, చూపియ్యి" అన్నాడు అధికారి.

భయంతో మా వాకిట్లో బోర్లించిన రోలు చూపించాను. ఊరివాళ్లు దాన్ని మోసుకెళ్లి బడి ముందు పెట్టారు.

మా అమ్మ లచ్చవ్వను మేం అవ్వ అనేవాళ్లం. "రాజు కూసున్నడు సరే, నేను కారం ఏడ దంచాల్నే?" అంది అవ్వ.

బడి నిలిచింది. అవ్వ బతికినన్నాళ్లూ పక్కింటి రోట్లోనే దంచుకుంది, ఆ సింహాసనం తన రోలేనని బయట ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు దానికి మండపం కడతారట. రాజు పేరేమిటని నన్ను అడుగుతున్నారు. నాలుగుసార్లు రాసి చెరిపేశాను. ఐదోసారి పంపాను: "రాయిని తిప్పి చూడండి, గుంట కనిపిస్తుంది. పేరు చెక్కాలంటే లచ్చవ్వ అని చెక్కండి."