మూడో గేటు దగ్గర విన్న జర్మన్ ఊరు

మస్కట్‌లో విమానం దిగి, ఎడారి ఊరు ఇబ్రిలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. జూన్ నెల. ఇటుకబట్టీ ముందు నిలబడితే కొట్టే వేడిగాలి. కంపెనీ వ్యాను పట్టణం దాటి కంకర నేల మీద చాలాసేపు నడిచింది. చెట్టు లేదు, గుట్ట లేదు. తర్వాత కంచె కనిపించింది. దాని వెనక కనుచూపు మేర సోలార్ పలకలు.

సైన్యం నుంచి హవల్దారుగా దిగిపోయి వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను. తెల్లవారకముందే లేచి బూట్లు వేసుకుని వాకిట్లో నిలబడేవాణ్ణి. ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. జగిత్యాలలో ఏజెంటు సెక్యూరిటీ డ్యూటీ అనగానే సరేనన్నాను.

సైట్లో నాకిచ్చిన సామాను ఇది. వాకీటాకీ, టార్చి, విజిలు, లాఠీ, నీళ్ళ క్యాను. తుపాకీ లేదు. మొదటి నెలంతా కుడిచెయ్యి దానంతటదే భుజం మీదికి పోయేది, లేని పట్టీ కోసం. మూడో గేటు నాది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు. ఆర్డర్ ఒక్కటే: పాస్ లేనివాళ్ళను లోపలికి వదలకూడదు.

ఒక్క మనిషికి మినహాయింపు ఉండేది. కంచె రాకముందు నుంచీ ఆ నేలలో ఒక ముసలామె బావి, నాలుగు ఖర్జూరం చెట్లు, మేకల దొడ్డి ఉన్నాయి. బదులుగా వేరేచోటు ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఇంకా ఇవ్వలేదు. అంతవరకు రోజూ రెండు పూటలా ఆమెకు గేటు తీయాలి. "సిద్దీక్, బాబ్," అనేది వచ్చి. స్నేహితుడా, తలుపు అని. మా ఊళ్ళో ముస్లిం పెద్దామెలను పిలిచినట్టే నేను ఖాలా అనేవాణ్ణి. అరబ్బీలోనూ ఆ మాటే ఉందట. ముసుగు వెనక నవ్వేది.

చలికాలంలో జర్మన్ ఇంజనీరు వచ్చాడు. పలకల బిగింపు తనిఖీ చేయడం అతని పని. అరవై దాటిన పొడుగు మనిషి. కాలు ఒకచోట నిలవదు. అన్నం తిని అందరూ ఏసీ కింద నడుం వాల్చితే అతను కంచె వెంట నడిచేవాడు. నా గేటు దాకా వచ్చి, తీగను వేలితో తట్టి, వెనక్కి తిరిగేవాడు. మళ్ళీ వచ్చేవాడు.

"కంచెకు ఏమైనా అయిందా సార్?" అని ఒకరోజు అడిగాను. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"కంచె బాగానే ఉంది. అది ఉన్నచోట నేనే కూర్చోలేను," అన్నాడు.

బూటు మడమతో ఇసుకలో ఒక గీత గీశాడు. అది వాళ్ళ ఊరి వాగు. రెండు పక్కలా కొండలు, కొండల మీద పైన్ చెట్లు. ఇళ్ళకు నల్లరాతి పలకల కప్పులు. మార్చి దాకా మంచు కరగదు. మొత్తం యాభై గడపలుంటాయేమో. ఎప్పుడో ఇద్దరు రాజులు పంచుకున్నప్పుడు ఆ వాగునే హద్దు చేసుకున్నారట. హద్దురాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కానీ జనం పట్టించుకోలేదు. పిల్లనిచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. చర్చి ఒకటే, పిండిమర ఒకటే.

"యుద్ధం అయిపోయాక ఈ ఒడ్డు రష్యావాళ్ళకు పోయింది. ఆ ఒడ్డు అమెరికావాళ్ళకు. మొదట చెక్కల దడి కట్టారు. తర్వాత ముళ్ళతీగ. తర్వాత కాంక్రీటు గోడ. వాన ఇద్దరికీ ఒకటే, రేడియోలో వాతావరణ వార్తలు మాత్రం రెండు."

"మీరు ఏ ఒడ్డు?"

"రష్యా ఒడ్డు," అని గేటు పక్కన నేల మీద కూర్చున్నాడు. " అమ్మమ్మ అవతల. అవతలివాళ్ళు మాకు చెయ్యి ఊపొచ్చు. మేం తిరిగి ఊపితే నేరం. అమ్మమ్మ చనిపోయినప్పుడు మా అమ్మ, నేను పిండిమర మేడ మీది కిటికీలోంచి శవపేటికను చూశాం. మా అమ్మ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడింది."

నేనూ జమ్మూ వైపు కంచె మీద డ్యూటీ చేశానని చెప్పాను. అక్కడ రైతుల పొలాలు అవతల పడ్డాయి. పొద్దున లెక్కపెట్టి పంపేవాళ్ళం. సాయంత్రం లెక్కపెట్టి రానిచ్చేవాళ్ళం.

"వాళ్ళ ముఖాలు గుర్తున్నాయా?" అన్నాడు.

లేవు. లెక్క ఒక్కటే గుర్తుంది.

"గోడ పోయిన రోజు మీ అమ్మగారు అవతలికి వెళ్ళారా?"

"బూట్లు వేసుకోవడానికే చాలాసేపు పట్టింది. లేసులు విప్పి మళ్ళీ కట్టుకుంటూ కూర్చుంది," అని లేచి నడిచిపోయాడు. అతను కూర్చోగా నేను చూసింది అదొక్కసారే.

మళ్ళీ ఎండలు వచ్చాయి. లోపల కరెంటు కేబుళ్ళ పని మొదలైంది. మస్కట్‌లోని ఖురం ఆఫీసు నుంచి కొత్త ఆర్డర్: రెండు రోజులు బయటివాళ్ళెవరూ లోపలికి రావద్దు. ముసలామెకు కూడా ఇదే వర్తిస్తుంది. మేకలకు నీళ్ళు కంపెనీ ట్యాంకర్ పోస్తుంది.

ట్యాంకర్ రాలేదు. రెండో రోజు పొద్దున్నుంచే దొడ్డి వైపు నుంచి మేకల అరుపులు. మధ్యాహ్నానికి అరుపులు సన్నబడ్డాయి. అదే ఎక్కువ భయపెట్టింది. ఖాలా గేటు పట్టుకుని నిలబడి ఉంది. నీడలోకి రమ్మంటే రాలేదు. "బాబ్, సిద్దీక్," అని ఒక్కటే మాట.

వాకీటాకీ నొక్కాను. కంట్రోల్ రూమ్‌లో ఉన్నది మన నిర్మల్ జిల్లా కుర్రాడు.

"కంట్రోల్, గేట్ త్రీ. ట్యాంకర్ ఏమైంది?"

"ట్యాంకర్ ఖరాబైందన్నా. రేపొస్తదట."

"రేపటిదాంక అవి బతకయి తమ్మీ. ముసలామెను వదుల్తున్న."

"వద్దన్నా! ఆర్డర్ లేదు. వీసా క్యాన్సల్ జేసి ఇంటికి తోల్తరు. నీ మంచికే జెప్తున్న."

నిజమే చెప్పాడు. ఇంటికి పంపితే మళ్ళీ ఆ వాకిట్లో బూట్లు వేసుకుని నిలబడాలి. తాళంచెవి పిడికిట్లో కాలుతోంది.

అప్పుడే జర్మన్ సారు కంచె వెంట వచ్చాడు. ఆమెను చూశాడు. దొడ్డి వైపు చెవి పెట్టాడు. నా చేతిలోంచి వాకీటాకీ తీసుకుని తన పేరు చెప్పాడు. "కేబుళ్ళు తూర్పున ఉన్నాయి. బావి పడమర. ఆమెతో నేను నడుస్తాను. బాధ్యత నాది. గేటు తీయించేది నేనే."

"తీసేది నేను," అన్నాను. తాళం తీశాను.

మర్నాడు ఖురం నుంచి మేనేజరు వచ్చాడు. గంటసేపు లోపల జర్మన్ సారుతో అరుపులు. జర్మన్ సారును వారం లోపే వెనక్కి పంపేశారు. నాకు హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. కానీ గేటు పాత పద్ధతిలోనే తెరవమని రాతపూర్వకంగా ఆర్డర్ వచ్చింది. అది సంపాదించింది ఆయనే. పోయేరోజు నా చెయ్యి గట్టిగా నొక్కి కారెక్కాడు.

కాంట్రాక్టు అయిపోయి జగిత్యాల వచ్చేశాను. ఇప్పుడు పొద్దున లేస్తే నడుస్తాను, చెరువుకట్ట దాకా, ఒక్కోసారి ఇంకా దూరం. టీ కొట్టు దగ్గర అందరూ అడుగుతారు, "మస్కట్‌ల ఏం జూసినవే?" అని. సముద్రం, మేడలు, మంచి రోడ్లు అని చెప్తాను.

చెప్పనిది ఒకటుంది. తాళం తీసిన ఆ సాయంత్రం ఖాలా గేటు దాటి బయటికి వచ్చింది. మోచేతుల దాకా తడి. భుజం మీద చచ్చిపోయిన మేకపిల్ల, దాని తల ఆమె నడకకు ఊగుతోంది. బతికిన మేకలు మూతుల నుంచి నీళ్ళు కారుతుండగా వరసగా ఆమె వెనకే వస్తున్నాయి. గేటు పక్కన జర్మన్ సారు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. చివరి మేక దాటేదాకా కదలకుండా నిలబడ్డాడు.