ఎవరు పోయిండ్రని ఈ గుండు?

1949, మాఘమాసం. పోలీస్ యాక్షన్ అయి నాలుగైదు నెలలు గడిచాయి. నేను అప్పుడు నల్గొండ జిల్లాలో ఒక తాలూకా దవాఖానలో కంపౌండర్‌ని. ఊరి పేరు రాయను, ఆ ఊళ్లో ఇంకా తెలిసినవాళ్లున్నారు. కంపౌండర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. డాక్టరు చీటీ మీద రాసిన మందును పెద్ద సీసాల్లోంచి కొలిచి, కలిపి, రోగి తెచ్చుకున్న బుడ్డిలో పోసి ఇచ్చేవాడన్నమాట. మా దగ్గర కట్లు కట్టేదీ అతడే, ఓపీ రిజిస్టర్ రాసేదీ అతడే. ఓపీ రిజిస్టర్ అంటే వచ్చిపోయే రోగుల పుస్తకం. పేరు, ఊరు, బాధ, ఇచ్చిన మందు అని నాలుగు గళ్లుండేవి. ఆ మూడో గడిలో నేను రాసిన ఒక్క మాట ఒక మనిషిని జైలు దాకా తీసుకుపోబోయింది.

రజాకార్ల భయం పోయిందనుకునేలోపే ఇంకో భయం వచ్చింది. ఊరి బయట బడి భవనంలో మిల్ట్రీ క్యాంపు పడింది. గుట్టల్లో సంఘపోళ్లు, అంటే కమ్యూనిస్టు దళాలవాళ్లు, ఉన్నారని రోజూ గాలింపు. ఎవరింట్లో నలుగురి వంట ఎక్కువ వండారో, ఎవరు ఏ బాటన పోయారో పటేళ్లను పిలిచి అడిగేవాళ్లు. మా దవాఖానలో పది మంచాలుంటే పదీ గాయాలతోనే నిండి ఉండేవి.

మా డాక్టర్ సాబ్ గాయాల విషయంలో దేవుడే. తూటా తీసే చెయ్యి వణకగా నేనెప్పుడూ చూడలేదు. రెండు రోజులు నిద్రలేకుండా నిలబడి కుట్లు వేసిన మనిషి. అయితే నెత్తురు కనపడని బాధ చెప్పుకుంటూ మగవాడెవడైనా ఎదురుగా నిలబడితే మాత్రం ఆయనకు ఎక్కడలేని ఎగతాళి వచ్చేది. మేమంతా దానికి నవ్వేవాళ్లం. సర్కారు నౌకరీలో పైవాడి ఎగతాళికి నవ్వడం కూడా ఒక పనే.

ఆ రోజు గాజుల నర్సయ్య వచ్చాడు. పాతికేళ్లుంటాయి. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగే మనిషి. మాఘం అంటే పెళ్లిళ్ల కాలం, అతని సంపాదనంతా ఆ నెలలోనే. తలకు ఎర్ర రుమాలు గట్టిగా చుట్టుకుని వచ్చి, విప్పకుండా నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నారు డాక్టర్ సాబ్.

"జర లోపల చెప్తనయ్యా."

"గీడనే చెప్పు. లోపల ఏం కచేరీ ఉన్నదా?"

అతడు చుట్టూ చూసి రుమాలు విప్పాడు. నెత్తి మీద మూడు చోట్ల గుండ్రంగా, బిళ్ల పెట్టి గీసినట్టు జుట్టు ఊడిపోయింది. చెవి పైన ఒకటి, నడినెత్తిన ఒకటి, వెనక ఒకటి. ఎవరో చెబితే గురిగింజలు నూరి పూసుకున్నాడట, అక్కడక్కడ తోలు పొక్కింది.

"ఆడోళ్లు చెయ్యి ఇస్తలేరయ్యా," అన్నాడు. "గిది పెద్దరోగమంటున్నరు. నా చేత గాజులు తొడిగించుకుంటే వాళ్లకంటుతదట. అది గాదని మీరొక్క మాట చెప్తే చాలు. జర చెయ్యివెట్టి చూడుండ్రి."

పెద్దరోగమంటే కుష్టు. ఆ మాట ఒక్కసారి పడితే ఊరే దాటాలి. గాజులవాడికి ఆడవాళ్లు చెయ్యి ఇవ్వకపోతే తిండి ఎక్కడిది?

డాక్టర్ సాబ్ కుర్చీలోంచి లేవలేదు. "మొగోనివేనా నువ్వు? గీడ కడుపుల తూటలు దిగినోళ్లు పండుకుంటే నీకు జుట్టు రంది పట్టిందా? ఆడిపిల్లవా? పో, గుండు గొట్టించుకో. అంతా ఒక్క తీరైతది."

వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. మొహమాటానికి కాదు, నిజంగానే నవ్వొచ్చింది. నర్సయ్య కూడా నవ్వినట్టు మొహం పెట్టి, రుమాలు మళ్లీ చుట్టుకున్నాడు.

"బలహీనత అని రాయి. కార్మినేటివ్ ఇయ్యి," అన్నారు డాక్టర్ సాబ్ నాతో. కార్మినేటివ్ మిక్స్చర్ అంటే కడుపుబ్బరానికి ఇచ్చే నీళ్లమందు. ఏమిచ్చి పంపాలో తోచనప్పుడు అందరికీ అదే పోసేవాళ్లం. మందుల కిటికీ దగ్గర నర్సయ్య బుడ్డి అందుకుని మెల్లగా అడిగాడు.

"కంపౌండర్ సాబ్, గిది పూసేదా, తాగేదా?"

"తాగేది."

"తాగితే జుట్టొస్తదా?"

నేను వెనకున్నవాణ్ణి పిలిచాను.

నాలుగో రోజున క్యాంపు నుంచి ఒక జవాను వచ్చి నర్సయ్య పేరు చెప్పి రిజిస్టర్ అడిగాడు. గుండుతో రోడ్డు మీద దొరికాడట. రోగానికి కొట్టించుకున్నానని, దవాఖానలోనే చెప్పారని అంటున్నాడట. డాక్టర్ సాబ్ పేజీ తీసి వేలు పెట్టి చూపించారు. "బలహీనత అని ఉన్నది. గుండు సంగతి నాకు యాదికి లేదు. రోజూ ఎంతమందినో చూస్తం." నేను పక్కనే టింక్చర్ అయోడిన్ కొలుస్తున్నాను. గాయాలకు పూసే ఎర్రమందు అది. కొలగ్లాసు పొంగి చేతి మీద పడింది కానీ నా నోరు పెగల్లేదు. ఆ రోజుల్లో క్యాంపు మనిషి ముందు అడగని మాట చెప్పేవాడు లేడు. ఇది సాకు అని నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే నర్సయ్య భార్య సత్తెమ్మ వచ్చింది. మందుల కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు, అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

ఆమె సంగతంతా చెప్పింది. పదిరోజుల కింద గుట్టల్లో కాల్పులు జరిగాయి. చచ్చిపోయినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో క్యాంపుకు తెలియదు. మన దగ్గర అయినవాళ్లు పోతే మగవాడు గుండు కొట్టించుకుంటాడు. కాబట్టి కొత్తగా గుండు కొట్టించుకున్నవాళ్లను పట్టుకుంటే చచ్చినవాళ్ల ఇళ్లు దొరుకుతాయని వాళ్ల లెక్క. ఆ వారం నిజంగా తండ్రి పోయినవాళ్లు కూడా పటేల్ చేత చీటీ రాయించుకుంటే గాని మంగలి ముందు కూర్చోలేదు. ఈ సంగతి తాలూకా అంతటికీ తెలుసు. డాక్టర్ సాబ్‌కు తెలుసు, నాకు తెలుసు. గుండు కొట్టించుకో అన్నప్పుడు మాలో ఒక్కరికీ అది గుర్తు రాలేదు. అతని తలను మేం తలగా చూస్తే కదా!

"నేను వద్దన్ననన్నా," అంది సత్తెమ్మ. "దవాఖానల పెద్ద డాక్టరే చెప్పిండు, అడిగితే గదే చెప్త అన్నడు. ఎవరు పోయిండ్రని ఈ గుండు అంటే ఏం చెప్తడు? అమ్మ నాయిన పోయి ఏండ్లాయె. పెద్దన్న బొంబాయి మిల్లులకు పోయి మూడేండ్లాయె, ఉత్తరం లేదు. ఆ అన్నే గుట్టల సచ్చిండని వాళ్లంటున్నరు. సావు కబురు ఎవరు తెచ్చిండ్రు, ఏ ఊర్లె బువ్వ పెట్టిండ్రు చెప్పుమని కొడుతున్నరు. రేపు నల్గొండ జైలుకు పంపుతరట."

నేను చేతిలోని బుడ్డి కింద పెట్టాను.

"నువ్వు గాడనే ఉన్నవట గదా," అంది. "నువ్వు గూడ నవ్వినవని చెప్పిండు."

ఆ మాటలో కోపం లేదు. సాక్షిని వెతుక్కుంటూ వచ్చిన మనిషి మాట అది.

డాక్టర్ సాబ్ దగ్గరికి పోయి క్యాంపుకు పోయొస్తానన్నాను. "పోతే నీ పేరు గూడ ఆ కాగితాల పడ్తది. పిల్లలున్నోనివి. నేను పంపిన్నని మాత్రం చెప్పకు," అన్నారు. ఆయన కూడా భయపడుతున్నారని అప్పుడు తెలిసింది.

కట్లపెట్టె పట్టుకుని బయల్దేరాను. అంతకుముందు రెండుసార్లు జవాన్లకు కట్లు కట్టడానికి పోయిన మొహమే కనుక గేటు దగ్గర ఆపలేదు. ఆఫీసర్ బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఉర్దూలో సంగతి చెప్పుకున్నాను. నర్సయ్యను తీసుకొచ్చారు. పెదవి చిట్లి ఉంది. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడమే పనికొచ్చింది. పొద్దుటి ఎండ నేరుగా నెత్తి మీద పడింది.

గుండు కొట్టి అయిదు రోజులైంది. నెత్తి అంతా నల్లగా మొలక వచ్చింది. ఆ మూడు చోట్ల మాత్రం ఏమీ లేదు. నేను ముందుకు పోయి అతని తల మీద చెయ్యి పెట్టాను. మా నాయిన ఊరి చివర తోళ్లు చేసినవాడు, మిషన్ దవాఖానవాళ్లు నాకు పని నేర్పి మనిషిని చేశారు. ఊళ్లో అయితే నా చెయ్యి అతని నెత్తికి తగలకూడదు. అతడు కదల్లేదు, కళ్లు మూసుకున్నాడు. అరచేతికి అంతా గరుకుగా తగిలింది, బిళ్లల దగ్గర మాత్రం నున్నగా జారింది.

"సాబ్, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి," అన్నాను. "గుండు కొట్టినచోట మొలిచింది. రోగం ఉన్నచోట మొలవలేదు. చావు గుండైతే అంతటా మొలవాలి."

ఆఫీసర్ లేచి రెండడుగులు వేసి ఆగాడు. "కుష్టా?"

ఇక్కడ తడబడితే పని చెడుతుందని తెలుసు. జైలు తప్పినా ఊరు విడవక తప్పదు. పెట్టెలోంచి సూది తీసి, స్పిరిట్‌తో తుడిచాను. కుష్టు మచ్చకు స్పర్శ ఉండదు, గుచ్చినా తెలియదు. మిషన్ దవాఖానలో నేను మొదట నేర్చుకున్న పరీక్ష అదే. "కళ్లు మూసుకునే ఉండు నర్సయ్యా. గుచ్చినప్పుడల్లా చెప్పు," అన్నాను.

"అబ్బా! చెవి మీద... అబ్బా! నడిమిట్ల... ఎనుక." మూడూ తప్పులేకుండా చెప్పాడు.

ఆఫీసర్ ఒక్క వేలు చాపి చెవి పైన తాకాడు. ఆ వేలు గరుకు నుంచి నునుపుకు, నునుపు నుంచి గరుకుకు మెల్లగా పోయింది.

"గుండు కొట్టించుకోమని ఎవరు చెప్పారు?"

"దవాఖానలో చెప్పారు, సాబ్."

"దవాఖానలో అంటే ఎవరు?"

నౌకరీ, ఇల్లు, ఇద్దరు పిల్లలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "డాక్టర్ సాబ్ చెప్పారు. నేను పక్కన నిలబడి నవ్వాను. పుస్తకంలో బలహీనత అని రాసింది నేనే. అది అబద్ధం."

కాగితం ముందు పెట్టాడు. చెప్పిందంతా రాసి దస్తఖత్ చేయమన్నాడు. "రేపు ఇతని మీద ఇంకేమన్నా బయటపడితే ఇతని పక్కన నువ్వు కూర్చుంటావు," అన్నాడు. దస్తఖత్ చేశాను.

మధ్యాహ్నం తర్వాత నర్సయ్యను వదిలిపెట్టారు, వారం వారం వచ్చి కనపడమన్నారు. పెద్దరోగం కాదని ఒక చీటీ కూడా రాసి సత్తెమ్మ చేతిలో పెట్టాను. ఆ చీటీ రాసే హక్కు కంపౌండర్‌కు లేదు. అయినా రాశాను.

డాక్టర్ సాబ్ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "గుచ్చిన సూది తెలిసిందా ఆ గాజులాయనకు?" అని అడిగారు. తెలిసిందన్నాను. ఆయన బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి, వెతికి, ఒక పేజీ నా వైపు తిప్పారు. అలోపేషియా ఏరియేటా. మన దగ్గర పేనుకొరుకుడు అంటారు. జుట్టు బిళ్లలు బిళ్లలుగా ఊడుతుంది, అంటుకోదు, చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది అని ఉంది. చదివి పుస్తకం మూశారు. ఆ బీరువా ఆయన కుర్చీకి చెయ్యి చాచినంత దూరంలోనే ఎప్పుడూ ఉండేది. ఆ మూడు ముక్కలు ఆ రోజే చెప్పి ఉంటే నర్సయ్య నెత్తి మీద కత్తే పడేది కాదు.

వానలు పడ్డాక నర్సయ్య వచ్చాడు. నా భార్యకని డజను గాజులు తెచ్చాడు. ఆడవాళ్లు మళ్లీ చెయ్యి ఇస్తున్నారని సంతోషంగా చెప్పాడు. మందుల కిటికీ పక్కకు వచ్చి తనే రుమాలు విప్పి తల వంచాడు. బిళ్లల్లో జుట్టు వచ్చింది, అయితే తెల్లగా వచ్చింది. మొదట అట్లాగే వచ్చి మెల్లగా నల్లబడుతుందని పుస్తకంలో చదివిందే చెప్పాను.

అంతలో డాక్టర్ సాబ్ బయటికి వచ్చారు. అతణ్ణి గుర్తుపట్టారు. దగ్గరికొచ్చి చెయ్యి చాచి, "ఏది, నన్ను చూడనీ," అన్నారు. నిజంగానే చూడాలనుకున్నారు, ఆ గొంతు నాకు తెలుసు.

నర్సయ్య గబగబా రుమాలు చుట్టుకున్నాడు. "ఏం లేదయ్యా," అన్నాడు మర్యాదగా. "ఉత్త బలహీనత." మలారం భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత రామన్నపేటలో, హాలియాలో, ఇంకా ఎక్కడెక్కడో ఇరవై ఎనిమిదేళ్లు ఓపీ రిజిస్టర్ రాశాను. రోగి చూపించిన చోట ఎవరిదో ఒకరి చెయ్యి పడాలి, డాక్టరుది కాకపోతే నాదైనా పడాలి. అది పడేదాకా ఆ మూడో గడి నేను నింపలేదు.