దొరసాని, మంత్రసాని

మా అమ్మ మంత్రసాని. అమెరికా వచ్చాక ఈ మాట నేనెవరితోనూ అనలేదు.

నేను నేపర్‌విల్ దగ్గర ఒక ఆసుపత్రిలో కాన్పుల డాక్టర్ని. చేసేది అమ్మ చేసిన పనే, కాకపోతే నాకు తెల్లకోటుంది, పేరు ముందు డాక్టరనే మాటుంది. అమ్మకేముండేది? కాన్పు చేసిన ఇంట్లోనే వసారాలో విస్తరి.

పోయిన చలికాలం అమ్మ మా ఇంటికొచ్చింది. తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి, తీసుకెళితే ఒకావిడ, "మీరు ఇండియాలో ఏం చేసేవారండీ?" అని అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపే నేను అడ్డం పడ్డాను.

"మా అమ్మ నర్సండీ. రిటైరైంది."

అమ్మ తలవంచుకుని తింటూ ఉండిపోయింది. మరో వారం ఇంకెవరో అదే అడిగితే, నా మొహంకేసి ఒకసారి చూసి, తనే "నర్సునండీ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చాను.

మా వార్డులో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన మిడ్‌వైఫ్ ఒకామె ఉంది. ఒకరోజు కాఫీ తాగుతూ, తన పనిని వాళ్ళ భాషలో ల్యోస్‌మోదిర్ అంటారని చెప్పింది. ల్యోస్ అంటే వెలుగు, మోదిర్ అంటే తల్లి. వెలుగుతల్లి. మీ భాషలో ఏమంటారని అడిగింది. చెప్పాను. అర్థమేమిటని అడిగితే మాట మార్చేశాను. మంత్రం సరే. సాని అంటే స్వామిని, పెద్దింటి స్త్రీ. దొరసానిలో ఉన్న సానే ఇందులోనూ ఉంది. దొరసాని వస్తే లేచి నిలబడ్డవాళ్ళే మంత్రసానిని గడప దాటనిచ్చేవాళ్ళు కాదు, కాన్పు వేళ తప్ప. తప్పు మాటది కాదు, మనుషులది. ఆ మనుషుల్లో నేనూ ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గోంగూర వలుస్తోంది. బూట్లయినా విప్పకుండా చెప్పేశాను.

"అమ్మా, ఐస్‌లాండ్ అని ఒక దేశముంది. అక్కడ మంత్రసానిని వెలుగుతల్లి అంటారట."

"ఎంత బావుందే," అంది. నిజంగానే సంబరపడింది. ఆ మాటని రెండుసార్లు తనలో తను అనుకుంది. నాకు కాస్త ఊపిరాడింది.

కాడలు పక్కకి నెడుతూ, మామూలు గొంతుతోనే అంది: "నువ్వు అక్కడ పుట్టి ఉండాల్సింది. మీ అమ్మేం చేసేదో నలుగురికీ చెప్పుకునేదానివి."