సువార్త మోసుకెళ్ళి ముందు బెంచీ ఎక్కిన వైనం

దక్షిణాఫ్రికాలో పుట్టిన తెలుగువాణ్ణి నేను. మా తాత చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి నెటాలు రాష్ట్రంలోని దర్బన్ చేరాడు. మా నాన్న అక్కడి మా చిన్న క్రైస్తవ సంఘంలో ఆదివారం బడి నడుపుతూ నాకూ, మరో ముప్ఫై మందికీ బెత్తం సాయంతో తెలుగు నేర్పాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, ఇండియా పల్లెలు ఇంకా చీకట్లో ఉన్నాయన్న సంగతి మా సంఘపెద్దలకు హఠాత్తుగా గుర్తొచ్చింది. బెంగుళూరు పక్కన తెలుగు పల్లెలున్నాయట. అక్కడికి వెలుగు పట్టుకెళ్ళడానికి తెలుగు వచ్చినవాడు, పెళ్ళి కానివాడు, సెలవు దొరికేవాడు కావాలన్నారు. మూడు లక్షణాలూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే తేలాను. భక్తి ఎంత ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

నా వెనక ఎవరైనా ఇదే దారిన వెళ్తారేమోనని వివరంగా రాస్తున్నాను.

రేవుకు బస్సులో వెళ్ళాం. దర్బన్ బస్సుల్లో మా రంగువాళ్ళకు వెనక సీట్లే. మనిషిని వెనక కూర్చోబెట్టడం ఎంత అన్యాయమో నన్ను ఓడెక్కించడానికి వచ్చిన మా మామయ్యకు దారి పొడుగునా ఉపన్యాసం ఇచ్చాను. ఆయన పాపం మూటలు పట్టుకుని విన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఓడ కదిలింది. నాది డెక్కు టిక్కెట్టు. వంట ఎవరిది వారే చేసుకోవాలి కాబట్టి బియ్యం, పప్పు, ఊరగాయ వెంట ఉంచుకోండి. వాంతులు మొదటి వారంతో అయిపోతాయి. ఇరవయ్యో రోజు ఉదయం బొంబాయిలో దిగాను. నా సామాన్లలో బట్టల పెట్టె ఒకటి, సువార్త కరపత్రాల పెట్టెలు రెండు.

బొంబాయి నుంచి మెయిలులో గుంతకల్లు వచ్చి, అక్కడ చిన్న పట్టాల బండికి మారాను. మూడో తరగతి పెట్టెలో నా ఎదుట బెంగుళూరు నగర్తపేటలో జరీ వ్యాపారం చేసే పెద్దమనిషి కూర్చున్నాడు. బండి కదిలీ కదలకముందే పలకరించాడు.

"ఏ ఊరప్పా నీది?"

"దర్బన్. సముద్రం అవతల."

"సరే, అంతకు ముందర మీ పెద్దోళ్ళది ఏ ఊరు? ఏ కులమోళ్ళు?"

ఊరు తెలియదనీ, మేము క్రైస్తవులమనీ చెప్పాను. అదొక జవాబు కాదన్నట్టు ఆయన తల ఊపాడు. "క్రైస్తవులే లేప్పా. మా వీధి పక్కనా ఉండారు. ఏ క్రైస్తవులు?"

క్రైస్తవుల్లో రకాలుండవని నాన్న బడిలో నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విని, మధ్యాహ్నం తన చిత్రాన్నంలో సగం నాకూ ఆకులో పెట్టాడు. మంచివాడే. కానీ ఆ ఆకును జానెడు ఎత్తు నుంచి నా ఒళ్ళోకి జారవిడిచాడు. బండి కుదుపువల్ల అలా చేశాడనుకుని, తిన్నాక ఒక స్టేషన్లో తమలపాకులు కొని నేనే ఆయన చేతికి అందించబోయాను. ఆయన బెంచీ మీద పెట్టమని సైగ చేశాడు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు బెంగుళూరు సిటీ స్టేషన్లో దిగితే వణుకు పుట్టింది. ఇండియా అంతా ఎండేనని చెప్పినవాళ్ళ మాట నమ్మి ఉన్ని కోటు ఇంట్లో వదిలి వచ్చాను, మీరు ఆ పని చేయకండి. జట్కా కట్టించుకుని దండు అని పిలిచే కంటోన్మెంటు ప్రాంతంలోని మిషను కాంపౌండుకు చేరాను. గది శుభ్రంగానే ఉంది, మంచంలో నల్లులున్నాయి. అక్కడి పాస్టరు గారు నా కరపత్రాల పెట్టెలు తెరిచి, కాగితం మందం వేళ్ళతో పరీక్షించి చాలా సంతోషించారు.

"మంచి కాగితం. యుద్ధం నుంచి మాకు కాగితమే దొరకడం లేదు. పల్లెల్లో పొగాకు చుట్టుకోవడానికి చాలా ఇబ్బంది పడుతున్నారు" అన్నారు.

రెండు రోజులు బళేపేట సందుల్లో తిరిగి మా చెల్లెలికి గాజులు కొన్నాను. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మార్కెట్టు దగ్గర హోసూరు దారి బస్సెక్కాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సది. వెనక కొలిమి, ముందు ప్రయాణికులు, మధ్యలో పొగ. ఎత్తు వచ్చిన ప్రతిచోటా కండక్టరు, "దిగేవాళ్ళు దిగండప్పా, దిగనోళ్ళూ దిగండి, తోయల్ల" అంటూ పోయాడు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళం మడివాళ దాకా బస్సును మేమే మోసుకెళ్ళినంత పని చేశాం. అక్కడ నాలుగు కొట్ల ముందు జోసెఫు రెడ్డి ఎద్దుల బండితో కాచుకుని ఉన్నాడు. నేను వెళ్ళాల్సిన పల్లెలో క్రైస్తవ సంఘానికి పెద్ద ఆయన. ఆయన పేరులో మొదటి సగమే మతం మారింది.

ఊరు మడివాళకు నాలుగు మైళ్ళు. పేరు మాత్రం రాయను. పదకొండింటికి ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాం. లోపలి నుంచి కాఫీ వాసన వచ్చింది గానీ కాఫీ రాలేదు. ఆయన భార్య గడపలో నిలబడింది. ఆమె ఒక చేతిలో వెండి గ్లాసు, రెండో చేతిలో సత్తు గ్లాసు ఉన్నాయి.

"ఇంటిపేరేమప్పా?" అన్నాడు జోసెఫు రెడ్డి.

"గంగన్న."

"అది మనిషి పేరు కదా."

ఓడ గుమాస్తా మా తాత పేరునే ఇంటిపేరుగా రాసేశాడనీ, అసలుది ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదనీ చెప్పాను. ఇంటిపేరు లేని తెలుగువాణ్ణి చూడటం ఆయనకు అదే మొదలు కాబోలు, నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూశాడు. కులం తెలుసుకోవడానికి ఈ ప్రాంతంలో ఇంటిపేరే తాళంచెవి అని అప్పటికి నాకు తెలియదు.

"మీ తాత అక్కడ ఏం చేస్తా ఉండె?"

"మొదట చెరకు నరికేవాడు. తర్వాత కూలీల ముఠాకు మేస్త్రీ అయ్యాడు. అరవై మంది ఆయన కింద ఉండేవాళ్ళు."

"అరవై మంది మీద పెత్తనమా." జోసెఫు రెడ్డి ముఖం విప్పారింది. భార్యవైపు తిరిగాడు. "రెడ్లేలే. మనోళ్ళు కాకుంటే ఇంకెవరు చేస్తారు పెత్తనం? కాఫీ తే."

వెండి గ్లాసు వచ్చింది. ఔననడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు. కాఫీ మాత్రం వేడిగా ఉంది. తాగాను.

మంగళవారం నుంచి ప్రచారం మొదలు. పొద్దున ఆరింటికి ఒక వీధి, సాయంత్రం నాలుగింటికి ఒక వీధి. పాట పాడతాను, పది నిమిషాలు బోధిస్తాను, కరపత్రాలు పంచుతాను. జనం ఎంతో మర్యాదగా వినేవాళ్ళు, కరపత్రాలు రెండేసి అడిగి తీసుకునేవాళ్ళు. నా బోధకు ఇంత ఆదరణా అని రాత్రుళ్ళు డైరీలో పొంగిపోయి రాసుకున్నాను. గురువారం నాటికి ఊళ్ళో సగం మంది నా సువార్తను చుట్టి కాల్చేశారు.

మునివెంకటప్ప అనే రైతు ఒక్కడే ప్రశ్న అడిగాడు. హిందువు, రాగి చేను ఆసామి. నాకు మజ్జిగ ఇప్పించి, చివరిదాకా విన్నాడు.

"బాగా చెప్తా ఉండావప్పా. మీ దేవుడి ముందర అందరూ ఒకటేనా?"

"ఒకటే."

"అట్లైతే మీ గుడిలో బెంచీలెవరికి, చాపలెవరికి? తీర్థం తాగే గిన్నెలు రెండెందుకుండాయి? సుమ్నే అడుగుతా ఉండా, కోపం చేసుకోవద్దు."

ఊరికే అడిగినవాడి ముఖం కాదది. నాకు విషయం తెలియదు. ఇంటికొచ్చి జోసెఫు రెడ్డిని అడిగాను. ఉన్నమాటే అన్నాడు ఆయన. ముందు బెంచీలు రెడ్డి క్రైస్తవులవి. వెనక చాపలు ఊరి బయట పేటలో ఉండే క్రైస్తవులవి. నెలకోసారి పాస్టరు గారొచ్చి ప్రభురాత్రి భోజనమని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు బెంచీలకు వెండి గిన్నె, చాపలకు ఇత్తడి గిన్నె.

"అది కులం కాదప్పా, అలవాటు" అన్నాడు ఓపిగ్గా. "వాళ్ళకీ చాపలంటేనే ఇష్టం."

గురువారం సాయంత్రం ఆ పేట నుంచి రూతమ్మ అనే ముసలామె వచ్చి గేటు బయటే నిలబడింది. నేనే వెళ్ళి పలకరించాను.

"నెటాలు నుంచి వచ్చినోడివంటనే నాయనా? మా చిన్నాయన కూడా ఆ నేలకే ఓడెక్కి పోయినాడు. నేను ఇంతపిల్లని అప్పుడు. మళ్ళీ రాలేదు. ఆడనుంచి వచ్చిన మనిషిని ఇప్పుడు చూస్తా ఉండా. శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిను. కోడిని కోస్తాను."

ఆమె నా ఇంటిపేరు అడగలేదు. వస్తానమ్మా అన్నాను, నిజంగా సంతోషంగానే అన్నాను. వాళ్ళ ఇళ్ళలో రోజూ రాగిముద్దే. రేషనులో వచ్చిన కాసిని బియ్యం నాకోసం దాచిందని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర జోసెఫు రెడ్డి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పోతే పోప్పా, వద్దనేదానికి మేమెవరం? అయితే ఆడ తిని వచ్చి, ఆదివారం మా బెంచీలో కూర్చోని మా గిన్నెలో తాగుతానంటే మా ఆడోళ్ళు ఒప్పరు. ముందర నిలబడి బోధ చెప్పేదీ కుదరదు. నువ్వు రెడ్డివా కాదా, నువ్వే చెప్పు."

ఆదివారం బోధ నాది. మూడు వారాలు ఓడ డెక్కు మీద సిద్ధం చేసుకున్నది. దర్బన్‌లో అందరికీ చెప్పుకోవాల్సింది.

"రెడ్డినే" అన్నాను.

కాఫీనాడు నోరు మూసుకున్నాను, ఈసారి నోరు తెరిచి చెప్పాను. తేడా అంతే.

శనివారం పొద్దున నాకు కడుపునొప్పి వచ్చింది. అంటే వచ్చిందని పాలేరుతో పేటకు కబురు పంపాను. అయితే ఈ అబద్ధం మంచి ఇల్లాలి చెవిన పడకూడదని ఆలోచించలేకపోయాను. జోసెఫు రెడ్డి భార్య నాకు రోజంతా గంజి, వాము కషాయం తప్ప మరేమీ పెట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు, రూతమ్మ ఇంట్లో కోడికూర ఉడికి ఉండే వేళకు, నేను మంచం మీద ఆకలితో మెలికలు తిరిగాను. ఆ మెలికలు చూసి ఆవిడ ఇంకో గ్లాసు కషాయం తెచ్చింది.

ఆదివారం పదింటికి గుడి నిండింది. పాస్టరు గారు వచ్చారు. నన్ను మొదటి బెంచీ మీద, జోసెఫు రెడ్డి పక్కన కూర్చోబెట్టారు. మనుషులందరూ ఒకే తండ్రి బిడ్డలన్నది నా బోధ. దర్బన్ బస్సుల్లో వెనక సీట్ల గురించి చెప్పినప్పుడు గొంతు పెంచాను. బెంచీల వాళ్ళు తెల్లవాళ్ళ దుర్మార్గానికి చాలా బాధపడ్డారు, ఒకావిడ కళ్ళొత్తుకుంది. చాపల మీది వాళ్ళు కదలకుండా విన్నారు. గోడవారన రూతమ్మ కూర్చుని నా ముఖంలోకే చూస్తోంది. తర్వాత వెండి గిన్నె వచ్చింది, తాగాను. ఇత్తడి గిన్నె వెనక్కి వెళ్ళడం తల తిప్పి చూడలేదు.

సోమవారం ఏడింటి బస్సుకు జోసెఫు రెడ్డి బండిలో మడివాళ తీసుకొచ్చాడు. కొట్ల దగ్గర రూతమ్మ నిలబడి ఉంది. నాలుగు మైళ్ళు ఆ చలిలో నడిచి మాకంటే ముందే వచ్చింది. నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"కడుపునొప్పి తగ్గిందా నాయనా?"

"తగ్గిందమ్మా."

"దావలో తినేదానికి బొరుగులూ, పుట్నాలూ కొన్నాను. అంగడాయప్పే కట్టినాడు, ఆయప్పే నీ చేతికిస్తాడు. నా చెయ్యి తగల్లేదులే, తిను."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే నాకు ఇబ్బంది లేకుండా చూసింది. కొట్టాయన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ పొట్లం ఆమె చేతికిచ్చి, నీ చేత్తో పెట్టమ్మా అంటే అరనిమిషం పని. జోసెఫు రెడ్డి పక్కనే నిలబడి ఉన్నాడు. నేను అనలేదు. బస్సు రాగానే అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాను, మళ్ళీ తోయడానికి దిగమన్నప్పుడు కూడా వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రమే బెంగుళూరులో రైలెక్కి, మూడోనాడు బొంబాయిలో ఓడ పట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో సముద్రం నెమ్మదిగా ఉంది, వాంతులు లేవు, చేయడానికి పనీ లేదు. ఇరవై రోజులు తిన్నగా ఆలోచించాల్సి వచ్చింది. చూడవలసిన ఊరే బెంగుళూరు. నీళ్ళు మంచివి, చలికి కోటు ఉండాలి, జనం తమ దగ్గరున్నదాంట్లో సగం మీకు పెడతారు. ఎలా పెడతారన్నది మీరు చెప్పే ఇంటిపేరును బట్టి ఉంటుంది.

దర్బన్‌లో దిగిన ఆదివారమే సంఘంలో నాకు సన్మానం చేశారు. దండ వేశాక అధ్యక్షులవారు లేచి, ఆ పల్లెలో ఎంతమంది మారారు బాబూ అని అడిగారు.

"ఒక్కరు" అన్నాను.

హాలంతా చప్పట్లు. ఒక్కరైనా చాలన్నారు, దేవునికి స్తోత్రమన్నారు, మా అమ్మ ఏడ్చింది. ఆ మారినవాడెవరని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణో లేదో తెలియదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఏ కులమూ లేకుండా ఓడెక్కి, వారం రోజుల్లో రెడ్డినై తిరిగొచ్చింది నేనే.