పదకొండు నిమిషాల సవరణ

2024 ఆగస్టు 20, మంగళవారం, సాయంకాలం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, దుర్గం చెరువు మెట్రో స్టేషను మెట్ల కింద భీమేశ్వరరావుగారు నాకు పరిచయమయ్యారు. తెల్లవారుజామున కురిసిన కుండపోత వెలిసి, సన్నని ముసురు పడుతూ ఉంది. ఆయన చివరి మెట్టుమీద కూర్చుని చేతిలోని ఫోనునే చూస్తూ ఉన్నారు. ఒంట్లో బాగాలేదేమోనని పలకరించాను.

"బాగానే ఉందండి. ఒక ఫోను రావాలి. అది వస్తే ఇంటికి పోతాను" అన్నారు.

ఆ ఫోను కోసం ఎదురుచూస్తూ ఆయన నాకు చెప్పినది ఇది.

ఆయనది తణుకు. పందొమ్మిదేళ్ళు ఒక దినపత్రికలో ఉపసంపాదకులుగా ఉండి, అది మూతపడగా మాదాపూరులోని ఒక వార్తా ఛానెల్‌లో చేరారు. తెర అడుగున పరుగెత్తే వార్తల వరుసను రాయడం ఆయన పని. ఇంటి మనిషిగాని ఆసుపత్రి మనిషిగాని స్వయంగా చెప్పనిదే మరణవార్త ఇవ్వకపోవడం పత్రికనాటి అలవాటు. ఛానెల్ పద్ధతి వేరు. ఎదుటి గోడమీద పోటీ ఛానెళ్ళ టీవీలు ఆరు వెలుగుతూ ఉంటాయి. వాటిలో మూడింట వచ్చినది నిజం కింద లెక్క. నాలుగోది మనదై తీరాలి.

"మన గురువుగారు పంచాంగం చూసుకుంటేగాని ఎవర్నీ చంపరు" అని పక్కకుర్చీ ఆకాష్ అందరినీ నవ్వించేవాడు. ఈయనా నవ్వేవారు. ఆలస్యానికి రెండు హెచ్చరిక పత్రాలు అందుకున్నాక నవ్వడం తగ్గింది. ఫోను చేసి కనుక్కోవడమూ తగ్గింది.

ఆ ఉదయం పది గంటల పది నిమిషాలకు, నానక్‌రాంగూడలో ఒక అద్దాల భవనం వెలుపల తాళ్ళమీద వేలాడుతూ అద్దాలు తుడిచే తిరుపతి అనే కార్మికుడు జారిపడి మరణించాడని మూడు తెరలమీద వచ్చింది. భీమేశ్వరరావుగారి చేయి ఫోనుదాకా వెళ్ళి ఆగింది.

"అలసిపోయి ఉన్నానండి. మూడుచోట్ల వచ్చింది కదా అనుకున్నాను" అన్నారు నాతో.

ఆ వాక్యాన్నే ఆయనా రాశారు. మూడు ఛానెళ్ళలో రెండు మొదటిదాన్ని చూసి రాసినవేననీ, మొదటిది ఎవరో పంపిన వాట్సాప్ సందేశాన్ని నమ్మిందనీ తరువాత తెలిసింది. ఎవరూ చూడని సంగతిని నలుగురు చెబితే, నలుగురు చూశారనే లోకం అనుకుంటుంది.

ఇరవైయారు నిమిషాలు గడిచాక ఛానెల్ నంబరుకు తిరుపతి తల్లి నీలమ్మ ఫోను చేసింది.

"ఏంది సారూ, గిట్ల రాసిండ్రు? నా కొడుకు దవాఖానల నా ముంగట్నే పండుకున్నడు. నడుము ఇరిగింది గానీ పానం మంచిగుంది. ఊర్ల డప్పులోళ్ళను పిలిచిండ్రంట. నా కోడలు సోయిల లేదంట. జర తీసేయుండ్రి."

తీసివేశారు. పావుగంటకు ఆమె మళ్ళీ చేసింది.

"తీసేస్తె ఏమైతది సారూ? మేం టీవీల చూసినమంటుండ్రు. కొడుకు మీద ప్రేమతోని నాకే మతి తప్పిందంటుండ్రు. వానితోని మాట్లాడిపిద్దమంటె మత్తుసూదిచ్చి లోపటికి తీస్కపోయిండ్రు. బతికుండని గూడ మీరే రాయాలె."

ఊరు నమ్మిందీ లేనిదీ తనకు చెప్పమని ఆమెకు సొంత ఫోను నంబరిచ్చి, ఆయన షిఫ్టు ఇన్‌చార్జి రవికిరణ్ దగ్గరకు వెళ్ళారు.

"తీసేశాంగా సార్, ఇంకేంటి?"

"ఆ ఊరికి తెలియదు బాబూ. ఇరవైయారు నిమిషాలు చనిపోయాడన్నాం. అంతసేపూ బతికున్నాడని వేయాలి."

"సవరణ వేస్తే తప్పు మనదేనని చాటుకున్నట్టు. ఇవి మీ పేపరు రోజులు కావు సార్. ఆ మూడు ఛానెళ్ళనీ వేయనివ్వండి, నాలుగోది మనం వేద్దాం."

పదకొండున్నరదాకా భీమేశ్వరరావుగారు ఆ మూడు తెరలవైపే చూశారు. ఒక్కటీ సవరించలేదు. అప్పుడు ఎవరినీ అడగకుండా రాశారు: "నానక్‌రాంగూడ ప్రమాదంలో తిరుపతి మరణించలేదు. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారు. ముందు ఇచ్చిన వార్త మా పొరపాటు."

ఆ వరుస పదకొండు నిమిషాలు నడిచింది. రవికిరణ్ చూసి ఆపించి, ప్రవేశపు కార్డు తీసుకున్నాడు. జాలిపడి, "చూసుకోకుండా పొరపాటున వేశానని రాసివ్వండి సార్, పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అని కూడా అన్నాడు.

"పొరపాటు మొదటిది బాబూ. ఇది కాదు" అని ఈయన లేచి వచ్చేశారు.

నాలుగు గంటల నలభైయేడు నిమిషాలకు ఫోను మోగింది. శస్త్రచికిత్స ముగిసేదాకా నీలమ్మకు తీరిక దొరకలేదట. ఆమె గొంతు నాకూ వినిపించింది.

"సారూ, ఊర్ల ఎవరో చూసిండ్రంట. డప్పులోళ్ళు ఎల్లిపోయిండ్రు. కోడలు బస్సెక్కింది. మరి తక్కిన మూడిట్ల ఎందుకు రాలేదని కొందరు ఇంక అడుగుతనే ఉన్నరు."

"మీ కోడలు వచ్చి చూసి వాళ్ళకు చెబుతుంది లెండమ్మా" అని ఆయన ఫోను పెట్టేశారు. కాసేపటికి రైలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్ళారు.

తిరుపతి పది నెలలకు నడిచాడు. తాళ్ళ పనికి మళ్ళీ పోలేదు. భార్యతో, తల్లితో మూసాపేటలో ఉంటూ ఒక గోదాము వద్ద కాపలా పని చేస్తున్నాడు. ఆ మూడు ఛానెళ్ళూ సవరణ ఇవ్వలేదు. భీమేశ్వరరావుగారి కుర్చీలో ఇప్పుడు ఆకాష్ కూర్చుంటున్నాడు. ఆయన మరే ఛానెల్‌కూ దరఖాస్తు పెట్టలేదు. చందానగర్‌లోని ఒక అచ్చు దుకాణంలో శుభలేఖల ప్రూఫులు దిద్దుతున్నారు.