అవనిగడ్డ బస్సులో స్పానిష్ పాట

మాది అనంతపురం. పనిమీద వచ్చి విజయవాడలో అవనిగడ్డ బస్సెక్కాను. పక్కసీటు పెద్దావిడ ఫోనులో పాట పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ నాకిచ్చారు.

"పోయిన మావారు రోజూ వినేవారండీ. ఏ భాషో ఏంటో!"

ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతం. తాళం మాటిమాటికీ మారుతోంది. పాడేది మాత్రం స్పానిష్‌లో! ఆ భాషలో అలాంటి పాట నేనెప్పుడూ వినలేదు. ఉద్యోగం కోసం నేర్చుకున్న భాష కదా, రెండు చరణాలైనా వినకుండానే "ప్రేమ పాటండీ" అనేశాను.

"ప్రేమ పాటా! మా అమ్మాయికి చెబితే నవ్వుద్దండీ," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

పాట సాగేకొద్దీ అర్థమైంది. అది ఒక తండ్రి కూతురి దగ్గర సెలవు తీసుకునే పాట. ఆవిడ సంబరం చూశాక మాట మార్చడానికి సిగ్గేసింది. చల్లపల్లిలో ఆవిడ దిగిపోయారు.

ఆ అమ్మాయికి అసలు సంగతి ఇప్పటికీ తెలియదు.